మేడ మీద మీరు, కింద నువ్వు

ఆ ఇంటి చిన్న కోడలు గేటుకు ‘కోచింగ్’ అని బోర్డు తగిలించిన కొత్తలో, వీధిలోని తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. కోచింగ్ అంటే పరీక్షలకు తయారుచెయ్యడమేనని వారి నమ్మకం. లెక్కల్లో వెనకబడ్డ కొడుకును ముందుకు తోసి, అవసరమైతే రెండు తగిలించమని అప్పగించబోయిన ఒక తండ్రికి ఆమె ఓపికగా చెప్పింది: తన దగ్గరకు వచ్చేది పెద్దవాళ్ళనీ, ఉద్యోగంలో చిక్కుకుపోయిన మనిషి తన దారి తానే చూసుకునేదాకా ఎదురుగా కూర్చుని వింటూ ప్రశ్నలు వేయడమే తన పని అనీ. వినడానికి కూడా ఫీజా అని ఆశ్చర్యపోతూ ఆయన పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో నోరు మూయని మనిషి ముందుగదిలో నోరు మూసుకుని సంపాదిస్తోందని ఆయన వేళాకోళం చేసేవాడు. నిజానికి వినడం ఆమెకు కొత్త విద్య కాదు. అంతకుముందు ఫోను కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఏళ్ళ తరబడి ముక్కూమొహం తెలియనివారి తిట్లు విన్నది. తిట్టేవాడు ఊపిరి తీసుకునేదాకా ఆగితే అసలు సంగతి బయటపడుతుందని అక్కడే గ్రహించింది.

ఈ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. కోచ్ ఎంత అనుభవం ఉన్నవారైనా తమ పనిని ఎప్పటికప్పుడు మరొక పెద్ద ముందు పెట్టాలి. క్లయింటుతో ఎక్కడ తడబడ్డారో, తమ మనసు ఎటు మొగ్గుతోందో చెప్పుకోవాలి. దీన్నే పర్యవేక్షణ అంటాం. మనిషి మనసుతో పనిచేసేవారికి తమ మనసు తమకు కనబడదన్న ఎరుకే దీనికి మూలం. ఆ చుట్టుపక్కల ఆ అర్హత గలవారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ అదే ఇంటి మేడ మీద కాపురముండే పెద్ద కోడలు, అంటే చిన్న కోడలికి స్వయానా తోడికోడలు. ఆసుపత్రిలో నర్సుల మీద అధికారిగా పనిచేసి, తరవాత ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి. ఆవిడ వార్డులోకి వస్తుంటే రోగులు కూడా దుప్పట్లు సర్దుకునేవారని చెప్పుకునేవారు.

తోడికోడళ్ళు ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రతి గురువారం మేడ మీది గదిలో కలవాలి. ఆ గడప లోపల అక్కా లేదు, చెల్లీ లేదు. ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనాలి. ఇంట్లో చూసింది ఆ గదిలోకి తేకూడదు, ఆ గదిలో విన్నది ఇంట్లోకి దించకూడదు. నీళ్ళ మోటారు ఎవరు ఆపాలన్న తగాదాలో వారం రోజులు మొహాలు చూసుకోకపోయినా, గురువారం వచ్చేసరికి చిన్న కోడలు మెట్లెక్కి తలుపు తట్టేది. “రండి, కూర్చోండి” అనేది పెద్ద కోడలు.

ఇలా సాగుతుండగా ఒక క్లయింటు వచ్చాడు. ఒక కర్మాగారంలో మేనేజరు. అంతకు మించి ఆయన ఎవరన్నది ఆమె ఏనాడూ చెప్పలేదు, ఇక్కడ అవసరమూ లేదు. యంత్రాల హోరులో కేకలు వేసి వేసి, మామూలుగా మాట్లాడటం మరిచిపోయిన మనిషి. ఆ ముందుగది నిశ్శబ్దంలో మొదటిసారి తన గొంతు తానే విని ఉలిక్కిపడ్డాడట. కొన్ని నెలల్లో ఆయన కింద పనిచేసేవారు ఆయన గదిలోకి భయం లేకుండా వెళ్ళడం మొదలుపెట్టారు. పని ఫలించింది. ఒప్పందం ముగియవలసింది. చిన్న కోడలు దాన్ని పొడిగించింది.

కళ్ళజోడు లేకపోతే పాలవాణ్ణి బావగారనుకుని తప్పుకుని దారి ఇచ్చే మనిషి ఆమె. అటువంటిది, ఆ మేనేజరు వచ్చే రోజుల్లో కళ్ళజోడు తీసి మెట్ల పక్క కిటికీ గట్టు మీద పెట్టి ముందుగదిలోకి వెళ్ళేది. మేడ దిగుతూ పెద్ద కోడలు అది చూసింది. మరోసారి చూసింది. ఇంట్లో చూసింది కాబట్టి గదిలోకి తేలేదు. చిన్న కోడలు తానుగా చెబుతుందని ఎదురుచూసింది.

ఒక గురువారం చిన్న కోడలు ఆ క్లయింటుకు మరికొన్ని సమావేశాలు కావాలని వాదించింది. ఆయనకు ఇంకా ఏం మిగిలిందని పెద్ద కోడలు అడిగింది. జవాబు చక్కగా, పొడుగ్గా వచ్చింది. దానిలో పస లేదు. మళ్ళీ అదే ప్రశ్న వేసింది. మళ్ళీ అంతే పొడుగు జవాబు. అప్పుడు పెద్ద కోడలు తాను కట్టిన గోడను తానే పడగొట్టింది.

“నీకేమైందే? కళ్ళజోడు తీసి కూర్చుంటున్నావు. అతన్ని చూడ్డానికి వెళ్తున్నావా, అతనికి కనబడ్డానికా?”

 “కనబడ్డానికే అక్కా,” అంది చిన్న కోడలు.

ఆ మాట ఎవరితో అన్నదో పాఠకులు గమనించాలి. తన భర్త అన్నగారి భార్యతో. సాయంత్రం అదే ఇంట్లో, అదే మనుషుల మధ్య మెలగవలసిన మనిషితో. పెద్ద కోడలు ఏడిపించలేదు, ఓదార్చలేదు. ఆ మేనేజరుకు తెలుసా అని అడిగింది. తెలియదని తెలుసుకుని, మనసు అటు పోవడం తప్పు కాదనీ, గడువు పొడిగించడం మాత్రం తప్పేననీ తేల్చి చెప్పింది. అతని అవసరం పేరు చెప్పి నీ అవసరం తీర్చుకున్నావంది. ఆ తరవాతి సమావేశంలో చిన్న కోడలు కళ్ళజోడు పెట్టుకునే కూర్చుని, తమ పని ఎప్పుడో పూర్తయిందనీ, ఆ మాట చెప్పడంలో జరిగిన ఆలస్యం తనదేననీ క్లయింటుకు చెప్పింది. తన మనసు బరువు ఆయన మీద పెట్టలేదు. ఆయన లేచి నమస్కరించి వెళ్ళాడు. మర్నాడు నీళ్ళ మోటారు దగ్గర పెద్ద కోడలు ఎప్పటిలాగే కసురుకుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు.

తరవాత కొంతకాలానికి, గుర్తింపుల పునరుద్ధరణ సమయంలో, కోచ్‌దీ పర్యవేక్షకురాలిదీ ఒకే చిరునామా అని మా వృత్తి సంఘం కార్యాలయం కనిపెట్టింది. బంధువులు పర్యవేక్షణ చెయ్యరాదని నియమం. ముగ్గురం విచారణకు కూర్చున్నాం. అధ్యక్షత నాది. ఆ నియమం రాసినవారిలోనూ నేనున్నాను.

చుట్టరికం పనికి అడ్డురాకుండా కట్టుకున్న గోడను ఎప్పుడైనా దాటారా అని పెద్ద కోడల్ని అడిగాను. ఒక్కసారి దాటానంది. ఎందుకని అడిగాను.

“చెప్పను. ఆ గదిలో మాట ఆ గదిలోదే. మీ నియమాల్లోనే ఉంది, చూసుకోండి.”

చెప్పకపోతే సమాధానం లేదనుకోవలసి వస్తుందని మా సభ్యుడొకరు హెచ్చరించారు. అనుకోమంది. అప్పుడు చిన్న కోడలు లేచి నిలబడింది.

“ఆ మాట నాది. నేను చెప్తాను.”

“నోర్మూసుకో,” అంది పెద్ద కోడలు. “ఇంట్లో మీ ఆయన ఉన్నాడు.”

“ఆయనకి నిన్ననే చెప్పాను అక్కా.”

పెద్ద కోడలు బిత్తరపోయి కూర్చుంది. చిన్న కోడలు జరిగింది జరిగినట్టు చెప్పింది. క్లయింటు గురించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పకుండా, తన గురించి ఒక్క ముక్క దాచకుండా. భర్త ఏమన్నాడని నేను అడగలేదు, అది మా పరిధి కాదు, ఆమే చెప్పింది. చాలాసేపు సామాన్ల సంచి సర్దుకుంటూ ఉండిపోయి, నా ముందు ఏనాడైనా కళ్ళజోడు తీశావా అని అడిగాడట. మిమ్మల్ని సరిగ్గా చూడాలి కదా అన్నదట. ఆయన నవ్వలేదట.

పరాయి పర్యవేక్షకుల దగ్గరకు వెళ్ళడానికి అభ్యంతరమేమిటని మా సభ్యుడు అడిగారు.

“పరాయివాళ్ళ ముందు నేను చక్కగా మాట్లాడతానండీ. అన్నేళ్ళు ఫోన్ల దగ్గర చేశాను, గొంతులో ఏమీ తెలియనివ్వను. ఈవిడ దగ్గర నా పప్పులుడకవు. మా అత్తగారికి నేను చెప్పిన అబద్ధాలన్నీ పక్కన నిలబడి విన్న మనిషి.”

“కొన్ని నేనే నేర్పాను,” అంది పెద్ద కోడలు.

సాక్ష్యాన్ని రెండు వైపులా తూచాం. ఆ పర్యవేక్షణ నిజమైనది. మేము చూసిన చాలావాటి కంటే కఠినమైనది. క్లయింటుకు హాని జరగకుండా ఆపింది కూడా అదే. అయితే, ఆ గోడ మూలంగానే పెద్ద కోడలు కొన్ని వారాలు కళ్ళెదుట కనబడుతున్నదాన్ని దిగమింగుకుని కూర్చుంది. ఆవిడ స్థానంలో మరొకరుంటే ఆ రహస్యం ఆ ఇంట్లో కత్తి అయ్యేది. నియమాన్ని ఒక్క ఇంటి కోసం రాయం. క్లయింటు విషయంలో శిక్ష అక్కర్లేదని, పర్యవేక్షకుల్ని మార్చుకోకపోతే గుర్తింపు రద్దవుతుందని ముగ్గురం ఏకగ్రీవంగా నిర్ణయించాం.

చిన్న కోడలు కళ్ళజోడు సవరించుకుని మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

“మీ రూలు మంచిదేనండీ. అడిగేవాళ్ళు లేనివాళ్ళకి అది కావాలి. నాకు మనిషి ఉంది. గుర్తింపు మీరిచ్చిందే కదా, మీరే ఉంచుకోండి.”

ఆ తీర్పు సరైనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. దానికి ఆమె చెల్లించిన మూల్యమూ నాకు తెలుసు. కంపెనీలు తమ మనుషుల్ని పంపడం మానేశాయి. సొంతంగా వెతుక్కుంటూ వచ్చేవారే మిగిలారు.

మొన్న ఆ వీధిలో పనిపడి వెళ్ళాను. గేటు మీద అదే బోర్డు. ‘సంఘం గుర్తింపు పొందినది’ అన్న వరస మీద ఎర్రరంగుతో ఒక గీత. అక్షరాలు చక్కగా చదవడానికి వీలుగానే ఉన్నాయి. చిన్న కోడలు గేటు దగ్గరకు వచ్చింది. ఆ వరస పూర్తిగా చెరిపించలేదేమని అడిగాను. పెయింటరు చెరిపేస్తానన్నాడనీ, తానే వద్దన్నాననీ చెప్పింది.

“కొట్టేసినట్టు కనబడాలండీ. ఎందుకు కొట్టేశారని అడిగినవాళ్ళకి చెప్తాను. విన్నాక ఉండేవాళ్ళు ఉంటారు.”

చాలామంది వెళ్ళిపోతారా అని అడిగాను. వెళ్తారంది. లోపలికి రమ్మనలేదు, ఆ రోజు గురువారం. మేడ మీద కిటికీ తెరుచుకుంది.

“టైమైంది. మీరొస్తున్నారా?”

“వస్తున్నానండీ,” అని తన తోడికోడలికి జవాబిచ్చి, చిన్న కోడలు కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లెక్కింది.