ముందే చెప్పరాని పెట్టె

ఇరవై ఏండ్లు ఒక్క వాక్యం మీద బతికిన. "ముందుగాల చెప్పరాకపోతే తెల్వనట్టే." జ్యోతిష్యం చెప్పేవాళ్ల మీద, సోది చెప్పేవాళ్ల మీద, తాయెత్తులు కట్టేవాళ్ల మీద, ఎవరి మీద వాదనకు దిగినా చివరికి ఈ వాక్యమే తీసేటోన్ని. గ్రహణం ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుస్తదో సైన్సు ముందే చెప్తది, నువ్వు రేపటి వాన సంగతి చెప్పు చూద్దాం అంటే అవతలాయన నీళ్లు నమిలేటోడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. రేపటి వాన సంగతి సైన్సు మాస్టరునైన నాకు మాత్రం తెల్సా అని ఎవరూ అడగలే. నన్ను నేనూ అడగలే.

ఆ వాక్యంలో పొరపాటు ఉన్నదని నాకు చూపించింది ఎంకపల్లిలో మా బామ్మర్ది ఇంట్లో ఉన్న ఒక పెట్టె, ఆ ఇంటికి కాపలా ఉన్న ఒక ముసలాయన.

అవి గచ్చిబౌలి దిక్కు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. మొయినాబాద్ దాటినంక జొన్న చేన్లల్లో ప్లాట్లకు తెల్ల హద్దు రాళ్లు పాతుతున్నరు. మా బామ్మర్దిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊరి అంచున చిన్న ఇల్లు కట్టుకున్నడు. నేను చేవెళ్ల బడిలో పనిచేస్తున్న. దసరా సెలవుల్లో వాళ్లింటికి పోయినం.

ముందు గదిలో గోడకు ఆనించి పుస్తకాల అర లాంటి చెక్క పెట్టె ఉన్నది. హార్మోనియం అనుకొని మెట్లు వెతికిన. మెట్లు లేవు. నిండా నాబులు, రంధ్రాలు, రంధ్రాల నుంచి రంధ్రాలకు వైర్లు. మాడ్యులర్ సింథసైజర్ అంటరట. కోఠిలో పార్టులు కొని, తానే సోల్డరింగు చేసుకున్నడు. అందులో ఒక్కో పలకది ఒక్కో పని. ఒకటి స్వరం పుట్టిస్తది, ఒకటి దాన్ని మందం చేస్తది, ఒకటి సన్నం చేస్తది. ఒక పలక మాత్రం అసలు శబ్దమే చేయదు. అది నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉండే కరెంటును మిగతా పలకలకు పంపుతది. ఎవరో కనపడని మనిషి కూర్చొని వాటి నాబులు తిప్పుతున్నట్టు ఉంటది. ఆ పలకకు రెండు లైట్లు. ఎర్రది వెలిగినప్పుడు స్వరం బొంగురుపోతది, పచ్చది వెలిగినప్పుడు రేకుల మీద సన్నటి వాన పడ్డట్టు అయితది. ఒక్క ఊపు, అంటే ఒక్కసారి ఎక్కి దిగుడు, ముగిసేసరికి ఒక గ్లాసు చాయ్ తాగొచ్చు. ఎర్రది వరుసగా మూడు సార్లు రావొచ్చు, పచ్చది ఒక్కసారే వచ్చి పోవొచ్చు.

"అంటే లాటరీ లెక్కనా?" అని అడిగిన.

"కాదు బావా. లోపట లాటరీ ఏం లేదు. ఇగో, మూడే భాగాలు, ఒకదానికొకటి కరెంటు తినిపిస్తయి. ప్రతి వైరూ నేనే కలిపిన. అయినా ఇంకో గంటకు ఏ లైటు వెలుగుతదంటే నాకు తెల్వదు."

పూర్తిగా చదువుకోక అట్ల అంటున్నవని నవ్విన. కారణం ఉన్నదంటే లెక్క ఉన్నట్టే, రెండు దినాలల్లో ఆ లెక్క పట్టుకుంటనని చెప్పిన. కిటికీ బయట మొక్కలకు నీళ్లు పడుతున్న ముసలాయన పైపు పట్టుకొని నా దిక్కు చూసిండు. అప్పుడు గుర్తుపట్టిన.

పదేండ్ల కింద ఈ మొయినాబాద్ దిక్కే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి బడి ముందర ఆయన మీద నేను సభ పెట్టిన. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి చేన్లల్లో తిరిగేటాయన. కాయ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లున్నట్టు. ఆయన చూపించిన చోట ఒక రైతు బోరు వేస్తే దుమ్ము తప్ప ఏం రాలే. ఎన్ని ఫీట్లకు నీళ్లు పడతయో చెప్పమని సభలో అడిగిన. "గంగమ్మ దయ" అన్నడు. మళ్లీ అడిగిన, మళ్లీ గంగమ్మ దయే. అప్పుడు నా వాక్యం చెప్పి, జనం దిక్కు తిరిగి, తెల్వనోడు తెల్సినట్టు చెప్తే వాన్ని ఏమంటరని అడిగిన. అందరూ ఒక్క గొంతుతో దొంగ అన్నరు. ఆ మాట నేను అనలే, అనిపించిన. ఆ దినం నుంచి ఆ ఊర్లల్లో ఆయన పేరు కొబ్బరికాయ దొంగ. బోర్లకు పిలిచేవాళ్లు లేకుండపోయిన్రు. ఇప్పుడు నా బామ్మర్ది ఇంటికి కాపలా.

మర్నాడు బామ్మర్ది ఆఫీసుకు పోంగనే గోడ గడియారం ముందర కుర్చీ వేసుకొని, నోట్‌బుక్కులో ఎర్ర, పచ్చ గుర్తులు పెట్టుకుంట కూర్చున్న. మూడు ఎర్రలంక పచ్చది చాలాసేపు ఉంటదని ఒక సూత్రం దొరికింది. నాలుగు సార్లు నిలిచింది, ఐదోసారి విరిగింది. ఇంకో సూత్రం కట్టిన, అది మధ్యాహ్నం దాకా కూడా రాలే. కరెంటు పోయింది. పోతే పోనీ, మళ్లీ మొదటికాడి నుంచి మొదలైతది, క్యాసెట్టు వెనక్కి తిప్పినట్టు పొద్దటి వరుసే వస్తదని సంబరపడ్డ. కరెంటొచ్చింది. నాబులు కదిలించలే, వైర్లు ముట్టలే. మొదటి మూడు ఊపులు పొద్దటివే. నాలుగోది జర ఆలస్యమైంది. ఏడోదానికి పొద్దటిదానికి సంబంధమే లేదు. సాయంత్రం బామ్మర్దిని అడిగితే, గదిలో వేడి వెంట్రుక వాసి మారినా చాలు బావా, ఆ ఫరక్ పెరిగి పెరిగి అంతా మారిపోతది అన్నడు. వచ్చే ఊపు చెప్పొచ్చట, పదో ఊపు చెప్పరాదట.

రెండో దినం ముసలాయన పని ముగించుకొని గడప మీద కూర్చున్నడు.

"ఇప్పుడేది సారూ?"

ఎర్రది అన్న. పచ్చది వచ్చింది. ఆయన నవ్వలే. ఆ ఊపు ముగిసినంక మళ్లీ అడిగిండు, మళ్లీ తప్పిన. ఆ పెట్టెను తాను కూడా ఒక నెల దినాలు చూసిండట. ఏం దొరకలేదట.

"వైర్లన్నీ చూసినవా?"

"చూసిన."

"లోపట దయ్యం గియ్యం లేదు గద?"

"లేదు."

"అంత తెల్సి గూడ ముందుగాల చెప్పరాలే." చాయ్ గ్లాసు పక్కకు పెట్టిండు. "మరి నువ్వు గూడ దొంగవేనా సారూ?"

నేను తెల్వంది తెల్సినట్టు చెప్పలేదని వాదించిన.

"మొన్న ఏమన్నవు? రెండు దినాలల్ల పట్టుకుంట అన్నవు. అబద్ధం ఆడినవా? ఆడలే. నీ మనసుల తెల్సినట్టే అనిపిచ్చింది. కాయ లేసినప్పుడు నాకు గూడ గట్లనే అనిపిస్తుండె." గొంతు పెంచలే. "కాయ సంగతి నీ ఇష్టం. తప్పంటే తప్పే అను. కోపమొస్తే మా కోడలు గూడ నన్ను దొంగ అంటది. గా దొంగ మాట ఒక్కటి తీసెయ్. నలుగుర్ల అనిపిచ్చినవు, నలుగుర్ల తీసెయ్."

వెంటనే సరే అనాల్సింది. అనలే. సెలవులైపోయినంక కూడా మూడు వారాలు తేల్చుకోలేకపోయిన. పెట్టెలో ఒక వైరు నుంచి ఇంకో వైరుకు దారి ఉన్నది, కొబ్బరికాయకు భూమి కింది నీళ్లకు ఏ దారీ లేదు. రెండూ ఒకటి కావు. ఈ తేడా నాకు తెలుస్తున్నది, నోటితో చెప్పబోతే మాత్రం కొబ్బరికాయకు వకాల్తా పట్టినట్టు వినిపిస్తున్నది. ముందుగా చెప్పలేకపోవడం తెల్వకపోవడం కాదని నేనే ఒప్పుకుంటే, రేపు జ్యోతిష్యుడు అదే మాట నా మీదికి విసరడా? మా హేతువాద సంఘంలో నాకంటే పెద్దాయన ఒకాయన, పదునైన కత్తిని నీ చేతులతోని నువ్వే విరగ్గొట్టుకుంటవా అన్నడు. ఆయన అన్నదీ నిజమే అనిపించింది. ముసలాయన అన్నదీ నిజమే. రెండు నిజాలు ఒకదాన్నొకటి తింటున్నయి.

చివరికి హిమాయత్‌నగర్ బడి ముందరే మళ్లీ సభ పెట్టించిన. ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డడు. నేను పెట్టె సంగతి చెప్పిన, ఎర్ర లైటు, పచ్చ లైటు, వెంట్రుక వాసి ఫరక్. మొఖాలు చూస్తే ఎవరికీ ఎక్కినట్టు లేదు. కొబ్బరికాయ నీళ్లు చూపించదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్న అన్న. కాని ఆ దినం ఈయనను దొంగ అనిపించిన, అది నా తప్పు, ఈయన దొంగ కాదు, పొరపడ్డ మనిషి, నా లెక్కనే పొరపడ్డ మనిషి అన్న. ఎనక నుంచి ఎవడో "సారు గూడ కాయ పట్టిండు రోయ్" అన్నడు. అందరూ నవ్విన్రు. నా ఇరవై ఏండ్ల చప్పట్లు ఆ నవ్వుల్లో కలిసిపోయినయి.

తిరుగుదారిలో షేర్ ఆటోలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నం. ఇంతకు సరిపోయిందా పెద్దాయనా అని అడిగిన.

"పెట్టె ముచ్చట అర్థం కాలే. దొంగ కాదన్నది మాత్రం అర్థమైంది."

నాకు కొంచెం తేలికైంది. అంతలో ఎదురుగా కూర్చున్న రైతు, సభలో ఉన్నాయనే, ముసలాయన మోకాలు తట్టి, సారే ఒప్పుకున్నడు గద, ఆదివారం మా చేన్ల బోరు పాయింటు చూడు అన్నడు. నేను ఒప్పుకున్నది అది కాదని చెప్పబోయిన. ముసలాయన అప్పటికే వస్తనని తలూపిండు. పదేండ్ల తర్వాత ఆయనను ఒకరు పిలిచిన్రు. ఆ మొఖం చూసినంక ఆయన ముందర ఆ మాట అనబుద్ధి కాలే. దిగినంక ఆ రైతుతో వేరుగా మాట్లాడిన. కాయను నమ్మి బోరు వేయకు, జియాలజిస్టును పిలిపించుకో అని చెప్పిన. ఆయన నవ్వి, నువ్వు గూడ రా సారూ, మంచిగుంటది అన్నడు.

పోయిన. ఎందుకు పోయిన్నో ఇప్పటికీ సరిగ్గ చెప్పలేను. ఆపడానికే పోయిన అనుకున్న. నేను అక్కడ నిలబడ్డందుకే ఆ రైతుకు ధైర్యం పెరిగిందేమో కూడా. కాయ ఒక గట్టు పక్కన లేచింది. బోరు వేసే రిగ్గు బండి వచ్చి నిలబడ్డది. డ్రిల్లు దిగుతుంటే తెల్లటి దుమ్ము లేచి మా బట్టల మీద పడుతున్నది. పదేండ్ల కింద అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగిన, ఎన్ని ఫీట్లకు పడతయి పెద్దాయనా అని.

గంగమ్మ పేరు వస్తదనుకున్న. ఆయన రిగ్గు దిక్కే చూసుకుంట నిలబడి, రైతుకు కూడా వినపడేటట్టు అన్నడు.

"తెల్వదు. పడ్తయో లేదో గూడ తెల్వదు."

రైతు ఒక్కసారి ఆయన దిక్కు, ఒక్కసారి నా దిక్కు చూసిండు. రిగ్గును మాత్రం ఆపమనలే. నేను సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, ఎర్ర పచ్చ గుర్తులు అయిపోయిన పేజీ తిప్పి, కొత్త పేజీలో ఆ మాట రాసుకున్న. దాని కింద ఏం రాయాల్నో తోచక పెన్ను పట్టుకొని దుమ్ములోనే నిలబడ్డ.