ఓజెల్లా మంచం కింద పదకొండు బొమ్మలు

"బెస్సీ కోల్మన్ మొహం అలా ఉండదని నాకు తెలీదనుకున్నావా? విమానం నడిపిన ఆవిడకీ మా చెల్లెలికీ ఎక్కడ పోలిక! మా చెల్లెలు నిచ్చెన ఎక్కమంటేనే కళ్ళు తిరిగి పడేది. అయినా మా అబ్బాయి దాని మొహమే వేశాడు. ఏం చేస్తాడు పాపం, పుస్తకంలో ఆవిడ ఫోటో తపాలాబిళ్ళంత. అదీ మసి పూసినట్టు ఉండేది."

మిస్ ఓజెల్లా టార్ప్లీ మంచం అంచున కూర్చుని ఒడిలో ఉన్న, అట్ట మీద వేసిన బొమ్మ అంచును చేత్తో తుడుస్తోంది. వంటింట్లోంచి ఆమె చెల్లెలి కూతురు డార్కస్ కేకేసింది.

"పెద్దమ్మా, మా అమ్మ పోయి పదేళ్ళయింది. ఇంకా వదలవా?"

"ఎందుకు వదుల్తానే? నా ఇనప పెనం పట్టుకెళ్ళి తిరిగిచ్చిందా?"

మా హికరీ రోడ్ బడిలో పంతొమ్మిదేళ్ళు వంట చేసింది మిస్ ఓజెల్లా; పెళ్ళైన పెద్దావిడనైనా మిస్ అనడం మా ఊరి మర్యాద. ఇప్పుడు తొంభై రెండేళ్ళు. ఆమె వడ్డించిన బీన్సూ మొక్కజొన్న రొట్టె తిని పెరిగినవాణ్ణే నేనూ. నల్లవాళ్ళ పిల్లల బడి అది. తెల్లపిల్లలతో కలిపి చదివించాలన్న ఉత్తర్వు మా అలబామా పల్లెల దాకా వచ్చిన ఏడాది, 1970లో, మా బడినే మూసేశారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు పాడుబడి ఉన్న ఆ భవనాన్ని చర్చివాళ్ళం బాగు చేయించుకున్నాం. ఫిబ్రవరి మావాళ్ళ చరిత్రను తలుచుకునే నెల గనక ఈ శనివారమే ప్రారంభం. భోజనాల గది గోడకి ఆమె కొడుకు వేసిన బొమ్మలు పెట్టాలని కమిటీ తీర్మానించి, తీసుకురమ్మని నన్ను పంపింది.

ఆమె ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. పొద్దుటినుంచీ ఒక్కొక్కటే మంచం కిందనుంచి తీయిస్తోంది, చూపిస్తోంది, మళ్ళీ బొంతల మధ్య పెట్టిస్తోంది.

కొడుకు లెమ్యూల్ పదిహేడో ఏట వాటిని వేశాడు. పీచ్ పళ్ళ డబ్బాలొచ్చే అట్టపెట్టెలు ఆమే బడి వంటగదిలోంచి తెచ్చిచ్చేది. గీతలకి బొగ్గు, ఒంటిరంగుకి బూటు పాలిష్. ముదురు గోధుమరంగుది ఒక డబ్బా, నల్లది ఒక డబ్బా. మావాళ్ళలో పేరు తెచ్చుకున్న పన్నెండు మందిని, ఊళ్ళోవాళ్ళ మొహాలతో, బడి భోజనాల గది గోడకి వేశాడు. రక్తం నిలవచేసే పద్ధతి నేర్పిన డాక్టర్ డ్రూకి మా చర్చి పెద్దాయన మొహం వచ్చింది. ఉత్తర ధ్రువానికి వెళ్ళిన మాథ్యూ హెన్సన్‌కి మంగలి యూస్టెస్ మొహం వచ్చింది.

"యూస్టెస్ అక్టోబరులోనే కోటు మీద కోటు తొడిగేవాడు. ఆ బొమ్మ చూసి, 'ఒరే లెమ్యూల్, నన్ను ఆ మంచులో నిలబెట్టావు, ఇంక ఈ చలికాలం నాకు జలుబు తగ్గదురా' అన్నాడు. ఆ నెలంతా వాడికి డబ్బు తీసుకోకుండా జుట్టు కత్తిరించాడు."

నవ్వింది. డార్కస్ కాఫీ తెచ్చి పెట్టి, ఆమె భుజం మీద శాలువా సర్ది వెళ్ళింది.

"మరి పన్నెండోది?" అన్నాను. పదకొండే ఉన్నాయని ఊళ్ళో అందరికీ తెలుసు. అవి గోడకెక్కేనాటికి నేను బడి దాటిపోయాను; ఆ పన్నెండోది ఎవరిదో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

"మేరీ బెథూన్. బడి పెట్టిన ఆవిడ. చిలగడదుంపలతో తీపి వంటలు చేసి, అమ్మి, ఆ డబ్బుతో పిల్లలకి చదువు చెప్పిందట. వాడు నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి, 'అమ్మా, కదలకు' అన్నాడు. కూర మాడుతోందిరా అంటే, 'మాడనీ' అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకి ఎవరి మొహం పెడుతున్నాడో."

కాఫీ చల్లారిపోతోంది. ఆమె ముట్టుకోలేదు.

లెమ్యూల్ ఇరవయ్యో ఏట వియత్నాంలో చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి బడి మూతపడింది. సామానంతా సోమవారం కొత్త బడికి చేరుస్తామని, ఆటల్లో గెలిచిన కప్పులతో సహా అన్నీ వస్తాయని, బొమ్మలు అక్కడి గోడలకి ఎక్కుతాయని కౌంటీవాళ్ళు, అంటే జిల్లా బడుల అధికారులు, వంటవాళ్ళకి చెప్పారు.

"నమ్మాను. శుక్రవారం సాయంత్రం పన్నెండింటినీ దించి, పిండిసంచుల్లో చుట్టి, పైన పేర్లు రాసి, వెనక మెట్ల మీద వరసగా పేర్చాను. ఎత్తేవాళ్ళకి సుఖంగా ఉంటుందని. చెత్త కూడా అక్కడే పెడతారు కదా వెండెల్, ఎప్పుడూ అక్కడే పెట్టేవాళ్ళం కదా! నాకెందుకు తట్టలేదు? లోపల గోడకే వదిలేసి ఉంటే ఎవడూ తాకేవాడు కాదు."

సోమవారం ఆమె కొత్త బడికి వెళ్ళింది. అక్కడ ఆమెకి ఇచ్చింది వంట పని కాదు, గిన్నెలు కడిగే పని. గోడలన్నీ వెతికి, బొమ్మలేవని అడిగితే, మెట్ల మీదవన్నీ శనివారమే ఊరవతల చెత్తకుప్పకి పోయాయన్నారు. ఆదివారమంతా వాన. పని బట్టల్లోనే నాలుగు మైళ్ళు నడిచింది. పదకొండు దొరికాయి. పన్నెండోదాని కోసం మూడు రోజులు వరసగా వెళ్ళి వెతికింది. కుప్పకి ఒక పక్క అప్పటికే నిప్పు రాజుకుంటోంది.

"అందరూ కౌంటీవాళ్ళు పారేశారంటారు. చర్చిలో కూడా అదే చెబుతారు, నేను తలూపుతాను. నా బిడ్డ చేతిపనిని మూటగట్టి వాళ్ళ చేతికి అందించింది నేను. వాడు నన్నెలా చూసేవాడో ఆ పోయినదాంట్లో ఉంది. ఫోటో ఏదీ లేదు. చూసిన పెద్దవాళ్ళు పోయారు, అప్పటి పిల్లలకి గుర్తులేదు. నాకే సరిగ్గా గుర్తులేదిప్పుడు, నవ్వుతున్నట్టు వేశాడా, కోపంగా వేశాడా."

ఇరవయ్యేళ్ళుగా ముసలివాళ్ళ మాటలు రాసుకుంటున్నాను. ఆ రోజు జేబులోంచి పెన్ను తీయలేదు.

డార్కస్ గుమ్మంలో నిలబడి అంది, "పెద్దమ్మా, వెండెల్ మనవాడు. తన కారులో తీసుకెళ్తాడు. ఇంకా నువ్విలా పట్టుకు కూర్చుంటే, నీ తర్వాత ఇవన్నీ నా నెత్తినే కదా పడేది. నాకూ డెబ్బై దగ్గర పడుతోంది."

"ఆ రోజు సామాను చేరుస్తామని మాటిచ్చినవాళ్ళు కూడా మనవాళ్ళమనే చెప్పారే."

ఆమె మంచం కిందకి వంగబోయింది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసి, తనే మోకాళ్ళ మీద కూర్చుని, బొంతల మధ్యనుంచి హెన్సన్ బొమ్మ లాగింది. ఒక మూల వాన మరక గడ్డం దాకా పాకి ఉంది.

"ఇవాళ ఇదొక్కటే," అంది.

"మిస్ ఓజెల్లా, శనివారమే ప్రారంభం. ఇంకా పది..."

"ప్రారంభం వాళ్ళది. బొమ్మలు నావి." అట్టను నా చేతుల్లో పెట్టింది, కానీ తను పట్టుకున్న వైపు వెంటనే వదల్లేదు. "సంచీలో పెట్టకు. ఎక్కడా కింద దించకు, ఒక్క నిమిషమని కూడా దించకు. గోడకెక్కించాక నేరుగా ఇక్కడికి రా. ఫోను చెయ్యకు, ఇంకెవరినీ పంపకు. గోడ మీద ఉన్నాడని నీ నోటితో చెప్పు. అప్పుడు రెండోది ఇస్తాను. వెళ్ళు నాయనా, త్వరగా రా."