చెప్పులు దాచే డాక్టరు

డాక్టర్ ప్రకాష్ బాబుకు సిగరెట్టు లేదు, వక్కాకు లేదు. ఉన్న దురలవాటల్లా ఒకటే, సాటి డాక్టర్ల చెప్పులు దాచేయడం.

మదనపల్లెలో ఒక ఆసుపత్రి. ప్రాణం మీదికొచ్చిన వాళ్లను ముందుగా చేర్చే వార్డు ఆయనది. ఎంతటివారైనా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి రావాల్సిందే. గుండె డాక్టరో ఎముకల డాక్టరో వచ్చి, "ఇది మా కేసు కాదు" అని వెనుదిరిగేసరికి గుమ్మం ఖాళీ! రోగిని ఎవరు చూసుకోవాలో తేలేదాకా చెప్పులు దొరకవు. ఎముకల డాక్టరైతే చెప్పులు చంకలో పెట్టుకునే లోపలికి వచ్చేవాడు.

తిట్లు మాత్రం వార్డు నర్సు సిస్టర్ కృపావతికి.

"అందరూ నన్నే దొంగంటాండారు. యాల సార్ ఈ పని?"

"చెప్పులుంటే వాళ్ల కాళ్లు నిలవవమ్మా!"

తొంభై ఎనిమిది మే నెలలో చౌడేపల్లె మునెమ్మను కడుపునొప్పితో తెచ్చారు. కుప్పం నుంచి కొత్తగా వచ్చిన సర్జన్ నారాయణస్వామి పొట్ట నొక్కి చూసి, "గ్యాస్. మందులిచ్చి మీరే పెట్టుకోండి" అన్నాడు.

"నాకట్ల అనిపించలేదప్పా. ఇంకొంచేపు సూడు" అన్నాడు ప్రకాష్ బాబు.

"పుంగనూరులో పెండ్లి ఉండాది సార్, పోవల్ల!"

గుమ్మం దగ్గర ఆయన కొత్త తోలు చెప్పులు లేవు. బయట నేల పెనంలా కాలుతోంది.

"సిస్టర్, యాడ నా చెప్పులు?"

ఆక్సిజన్ సిలిండర్ వెనకున్నాయని కృపావతికి తెలుసు. ఇచ్చేద్దామనుకుంది. కానీ అంతసేపూ మూలిగిన మునెమ్మ కదలకుండా చెమటలు కక్కుతోంది. కృపావతికి భయం వేసింది.

"తెలీదు సార్" అని, మనసులో యేసయ్యకు క్షమాపణ చెప్పుకుంది.

సర్జన్ విసురుగా మునెమ్మ పక్కనే స్టూలు మీద కూలబడి, అందరినీ తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక మళ్లీ ఆమె పొట్ట మీద చెయ్యి వేశాడు. పొట్ట పలకలా బిగుసుకుపోయింది!

"లోపల చిల్లి పడినట్టుంది. థియేటర్ రెడీ చేయండి!"

చెప్పుల మాటే మరిచి, ఆ ఎండలో ఉత్తికాళ్లతో ఎగురుకుంటూ ఆవరణ అవతలున్న థియేటర్‌కు ట్రాలీ తానే తోసుకుపోయాడు. మునెమ్మ బతికింది.

ఆమె లేచి కూర్చున్న రోజు డాక్టర్లిద్దరూ చూడటానికి వచ్చారు. మునెమ్మ కృపావతిని అడిగింది: "సర్జన్ సారు చెప్పుల్లేకుండా నన్ను తోసుకోని పోయినాడంట, మా ఆయన సూసినాడు. నా కోసం ఏ దేవునికి మొక్కుకున్యాడమ్మా?"

కృపావతి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ప్రకాష్ బాబు తడుముకోకుండా అన్నాడు: "గంగమ్మకమ్మా! నువ్వు ఇల్లు చేరేదాకా చెప్పులు తొడగనని మొక్కుకున్యాడు. నిన్ను బతికించింది ఈయనే."

తన ఊసే ఎత్తని ఆ పెద్దమనిషిని చూసి కృపావతికి ముచ్చటేసింది. నారాయణస్వామి ఏదో చెప్పబోయాడు గానీ, మునెమ్మ అప్పటికే చేతులు జోడించి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె చౌడేపల్లె బస్సెక్కేదాకా పాపం, ఆ సర్జన్ ఆసుపత్రంతా ఉత్తికాళ్లతోనే తిరిగాడు.