జీతం అడగలేని నోరు

ఆ ఆదివారం ఉదయగిరిలోని మా ప్రార్థన మందిరంలో ఉన్నవారు వీరు: పాస్టరు గారు, పాస్టరమ్మ గారు, చాపల మీద ఇరవై మంది దాకా ఆడవాళ్ళు, వాళ్ళందరికీ ముందు దీవెనమ్మ అవ్వ, మగవాళ్ళ వైపు మా నాయనతో కలిపి పదిమంది, కిటికీ పక్కన నా ఈడు కుర్రాళ్ళు నలుగురు, ఒక హార్మోనియం, ఒక కంజీర, అందరికంటే వెనక గోడకు ఆనుకొని నేను. ఎలక్ట్రికల్ డిప్లొమా పాసై మూడేళ్ళయినా ఉద్యోగం లేనివాణ్ణి గనుక నా చోటు అదేనని అనుకునేవాణ్ణి.

సహోదరులారా, ఆరాధన చివర ప్రార్థన విన్నపాలు చెప్పే సమయం వస్తే నాకు చెమటలు పట్టేవి. జ్వరాలు, కాన్పులు, కోర్టు వాయిదాలు అన్నీ అయ్యాక పాస్టరు గారు ప్రతి వారం "మన ప్రసాదు ఉద్యోగం కోసం" అనేవారు, అన్ని తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగేవి! ప్రేమతోనే చూసేవారని ఇప్పుడు తెలుసు గాని, అప్పుడు మాత్రం భూమి చీలితే అందులోకి పోదామనిపించేది.

నాకు పని రాక కాదు. ఇంటర్వ్యూలో మోటారు గురించి, స్టార్టరు గురించి, ఎర్తింగు గురించి ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. చివరి ప్రశ్న దగ్గరే పడిపోయేవాణ్ణి. "జీతం ఎంత కావాలి?" అనగానే నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకొని, "తమ దయ సార్" అనేవాణ్ణి. మా నాయన ముప్పై ఏళ్ళు ఒక రైతు ఇంట్లో పాలేరు. ఏడాదికి ఎన్ని గింజలు కొలిస్తే అన్ని తెచ్చుకున్నాడే గాని, ఇంత కావాలని ఆ రైతు ఇంటి అరుగు ముందు ఏనాడూ నోరు తెరవలేదు. మా వీధిలో ఎవరూ తెరవలేదు, అడిగితే పొగరు అనేవారు. ఆ భయం నా సర్టిఫికెట్లతో పాటు నా వెంటే వచ్చేది. కలిగిరిలో ఒక మిల్లు యజమాని నవ్వి, "నాకు కావాల్సింది మోటార్లు చూసేవాడు అబ్బయ్యా, దండాలు పెట్టేవాళ్ళు ఇంటి దగ్గర శానామంది ఉండారు" అన్నాడు. ఆ మాట అమ్మతో చెప్పుకొని ఏడ్చాను. అమ్మ వెళ్ళి దీవెనమ్మ అవ్వతో చెప్పింది.

ఇక ఆ ఆదివారం అవ్వ మోకరించి, రెండు చేతులూ పైకెత్తి, అందరూ వినేటట్టు మొదలుపెట్టింది.

"నాయనా, పరలోకపు తండ్రీ! మా ప్రసాదుకి చదువిచ్చినావు, బుద్ధిచ్చినావు, నోరు మాత్రం ఇయ్యలేదు తండ్రీ! జీతమెంత కావాల్రా అంటే లేచి చేతులు కట్టుకుంటా ఉండాడంట! తమ దయ అంటా ఉండాడంట! వాడేమన్నా అడుక్కునేదానికి పోయినాడా ప్రభువా?"

కిటికీ దగ్గర కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. "తమ దయ సార్!" అని ఒకడు గొణిగాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. ప్రార్థన జరుగుతుండగా దేవుని సన్నిధిలోంచి లేచి వచ్చేశాను, ఇది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది! చెప్పులు వేసుకుంటుంటే అవ్వ గొంతు ఇంకా గట్టిగా వినిపించింది.

"ఈసారి వాడు లేస్తే నువ్వే భుజం పట్టి కూర్చోబెట్టు తండ్రీ! వాడి నోట్లో ఒక అంకె పెట్టు!"

ఆమేన్ అన్న గొంతుల్లో అన్నిటికంటే పెద్దది మా నాయనది.

ఆ బుధవారమే ఆత్మకూరులో ఇంటర్వ్యూ. సోమశిల కాలువ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర, గుంతల్లో నీళ్ళు తోడే మోటార్లను చూసుకునే ఉద్యోగం. మేనేజరు గారు పని గురించి అడిగినవన్నీ చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, "నెలకు మూడొందల యాభై ఇస్తాం. ఏమంటావు?" అన్నారు. నా మోకాళ్ళు లేవబోయాయి. చేతులు దగ్గరకు వచ్చేశాయి. ప్రభువా, నన్ను పట్టుకో అని లోపలే మొరపెట్టుకున్నాను. ఏ స్వరమూ వినబడలేదు, భుజం మీద ఏ చెయ్యీ తగల్లేదు, కానీ సహోదరులారా, నేను లేవలేదు!

"ఐదు వందలు కావాలి సార్. రాత్రి డ్యూటీ ఉంటుందన్నారు. ఉదయగిరి నుంచి రోజూ రాలేను, ఇక్కడే గది తీసుకోవాలి, భోజనం చూసుకోవాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నోరుండాదే నీకు!" అన్నారు. నాకు నోరుందని నాతో అన్న మొదటి మనిషి ఆయనే. "నాలుగొందల పాతిక. ఇంక పైసా పెరగదు. సోమవారం వచ్చి చేరు."

ఇంటికి వెళ్ళి చెబితే మా నాయన సంతోషించడానికి ముందు భయపడ్డాడు.

"అడిగినావా? ఆయన మొగం మీదనే?"

"అడిగినాను నాయనా."

"నిలబడా, కూర్చోనా?"

"కూర్చోనే."

నాయన గోడ వైపు తిరిగి చాలాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

మరుసటి ఆదివారం అవ్వ కాళ్ళ దగ్గర కూర్చొని క్షమించమన్నాను. "నాలుగొందల పాతికేనా? ఇంకా రవ్వంత గట్టిగా మొత్తుకొని ఉండాల్సింది నేను!" అని నెత్తిన మొట్టింది. దేవునికే మహిమ! నా సిగ్గును నలుగురిలో బయటపెట్టి, ఆ నలుగురిలోనే దాన్ని తీసివేసిన దేవునికి నా బ్రతుకంతా స్తోత్రం!

ఉద్యోగం లేక సంఘానికి రావడానికే మొహం చెల్లని తమ్ముళ్ళారా, రండి. మీ పేరు చదివితే చదవనివ్వండి, మీ లోపమేదో మీ అవ్వలను ప్రభువుతో గట్టిగానే చెప్పనివ్వండి. ఆయన మీద భారం వేసి, అడగవలసింది అడగండి.

ఈ వారం మన సంఘంలో ఉద్యోగం కోసం ప్రార్థన కోరినవారు పదకొండు మంది.