నా సీటు పక్కకు వచ్చిన లీవరు

బండి అమ్మేయమని నాకు చెప్పినవాళ్లు నలుగురు. వాళ్లలో ముగ్గురికి మా తోట దారిలోని వంక, అంటే వాగు, ఎట్లా ఉంటుందో తెలియదు. నాలుగో మనిషి మా మరిది. అతనికి వంకా తెలుసు, దాన్ని దాటే ట్రాక్టరూ ఉంది.

మా చీనీ తోట, అంటే బత్తాయి తోట, పులివెందులకు తొమ్మిది కిలోమీటర్లు. చివరి కిలోమీటరులో వంక అడ్డం వస్తుంది. నీళ్లు ఏడాదికి పది రోజులు పారతాయేమో, ఇసుక మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. నా కొడుకు ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. బండి నడిపేది నా కోడలు, పక్క సీటులో కూర్చునేది నేను. పాత పికప్, నాలుగు చక్రాలూ లాగే రకం. గేరు పక్కన చిన్న లీవరు వేస్తే ఇంజను బలం ముందు ఇరుసుకూ మళ్లుతుంది, ఒక రబ్బరు పైపు గాలిని పీల్చుకుంటుంది. ఆ పీల్పుతో, ఇరుసు మీద ఉన్న డబ్బాలో రబ్బరు పొర కదిలి, లోపలి ఫోర్కును జరిపి గేరు పళ్లను కలుపుతుంది. అప్పుడు ముందు చక్రాలు కూడా లాగుతాయి, ఎదురుగా పచ్చ దీపం వెలుగుతుంది. దీపం రాకపోతే వంకలో దిగబడి, మరిది ట్రాక్టరు కోసం ఫోను చేయాల్సిందే.

దీపం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు రాలేదో వంటింటి క్యాలెండరులో రాసుకున్నాను. పొద్దునకూ మధ్యాహ్నానికీ వేరువేరుగా, వస్తే టిక్కు, రాకపోతే సున్నా. రెండు నెలల్లో తొమ్మిది సున్నాలు.

తొమ్మిదోసారి తాడు కట్టి మమ్మల్ని లాగినప్పుడు మరిది అన్నాడు, "ఎందుకు వదినా ఈ తిప్పలు? అమ్మేయి. జమ్మలమడుగులో కొనే మనిషిని చూసినా. కాయ నా ట్రాక్టరులో తోలిస్తాలే."

"ఎప్పుడు తోలిస్తావు?"

"నాకు పని లేనప్పుడు."

"నీకు పని లేనప్పుడే పండమని చెట్లకు చెప్పాల్నా?"

"వయసు మీద పడినా నీ నోరు తగ్గల్యా వదినా."

"బండి కూడా తగ్గల్యా. దీపం ఒకటే తగ్గింది."

పోయినేడు అతని ట్రాక్టరు కోసం ఆరు రోజులు ఆగితే కాయ చెట్ల కిందే రాలింది. బండి పోతే కోత రోజు నా చేతిలోంచి పోతుంది. కోత రోజు పోయాక తోట నాదని పాసుపుస్తకంలో ఉంటే మాత్రం ఏం లాభం? రెండు వందల పన్నెండు చెట్లకు గుంత తీయించి నాటించినదాన్ని నేను.

పులివెందులలో ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఇద్దరూ షెడ్డులోనే లీవరు వేశారు, దీపం వెలిగింది. "బాగానే ఉందమ్మా" అన్నారు. "మీ షెడ్డులో వంక ల్యా నాయనా" అని చెప్పి బండిని ప్రొద్దుటూరుకు తోలించాను.

అక్కడి మెకానిక్ సాయిబు గల్ఫులో ఏళ్ల తరబడి ఎడారి బండ్లు బాగుచేసి వచ్చిన మనిషి. బానెట్టు ఎత్తకముందే నేను చింపి తెచ్చిన క్యాలెండరు కాగితాలు అతని చేతిలో పెట్టాను.

"పొద్దున అన్నీ టిక్కులే. సున్నాలన్నీ మధ్యాహ్నమే. ఎవురమ్మా రాసింది?"

"నేనే."

"నా దగ్గరికి వచ్చేటోళ్లంతా ఊరికే ఆగిపోతాది అంటారు, అంతే."

ఇంజను గంటసేపు నడిపించాడు. వేడెక్కాక రబ్బరు పైపు మెత్తబడి, లోపలికి అతుక్కుని అప్పడంలా చదునైపోయింది. డబ్బాలో పొర కూడా చిరిగింది. పైపు దొరుకుతుంది, ఇంత పాత బండికి పొర దొరకదన్నాడు. "ఈ గాలి నమ్మకం వద్దు పెద్దమ్మా. డబ్బా పీకేసి కేబుల్ వేస్తా. దానికి ఇంకో లీవరు పెడతా, అది చేత్తో లాగితే ఫోర్కు జరగతాది. ఆడ శానా బండ్లకు వేసినాం."

పాత బస్సు గేరు కేబుల్ ఒకటి తీసి డ్రైవరు వైపు పరిచాడు. నా సంచిలో జాకెట్లు కొలిచే టేపు ఉంది. కింద చాప వేయించుకుని వంగి చూశాను.

"ఈ పక్క తెస్తే రెండు మలుపులు. పొగ గొట్టానికి నాలుగు అంగుళాలే ఎడం. పైపు వేడికే చెడింది గదా, మళ్లీ వేడి పక్కనే పెడతావా? నా సీటు పక్కకు తే, ఒకటే మలుపు."

"లీవరు డ్రైవరు కాడ ఉండాల గదమ్మా."

కోడలు నవ్వింది. "మా అత్త ఎట్లయినా పక్కన కూచోని చెప్తానే ఉంటాది. చేతికి పని ఉంటే నోటికి రెస్టు."

అట్లా లీవరు నా పక్కకు వచ్చింది. అంతటితో నేను ఊరుకోలేదు. సాయిబు కేబుల్‌ను చక్రాలు నేల మీద ఉండగా కొలిచాడు కాబట్టి జాకీతో ఎత్తించి, చక్రం వేలాడదీయించి మళ్లీ కొలిచాను. కేబుల్ మూడున్నర అంగుళాలు తక్కువ. గుంతలో చక్రం దిగితే కేబుల్ బిగుసుకుని దానంతటదే ఫోర్కును లాగేసేది.

"ఎడారిలో కూడా ఇంత కొలిచినోళ్లు ల్యారు" అన్నాడు, పొడుగు కేబుల్ వెదుకుతూ.

"ఎడారిలో గుంతలుండవేమో. మా దావలో నలభై ఆరు."

వాన పడిన సోమవారం తొలి కోత పెట్టించాను. మధ్యాహ్నం ముప్పై ఎనిమిది క్రేట్లతో వంక దగ్గరికి వచ్చాం. అవతలి గట్టున మరిది ట్రాక్టరు మీద కూర్చుని ఉన్నాడు. తాడు చేతిలోనే ఉంది. నేను పిలవలేదు.

కోడలు ఇసుక ముందు బండి ఆపి చిన్న లీవరు వేసింది. నేను నా లీవరు లాగాను. దీపం రాలేదు.

"అత్తా, రాల్యా."

"తాడు కట్టమంటావా వదినా?" మరిది కేక. "గురువారం ఆ కొనే మనిషి వస్తాండాడు, చెప్పినా గదా!"

లోపల గేరు పన్నుకు పన్ను ఎదురైతే కలవదు, కొంచెం దొర్లించాలని సాయిబు చెప్పాడు. నేను లీవరు వదల్లేదు. "మెల్లగా ఒక గజం పోనీ" అన్నాను. చక్రం సగం తిరిగిందో లేదో, నా అరచేతిలో టక్కుమంది. పచ్చ దీపం వెలిగింది. తడి ఇసుకలో బండి ఎక్కడా నిలవకుండా అవతలి గట్టెక్కింది.

ట్రాక్టరు పక్కన ఆపించాను. మరిది క్రేట్ల వైపు, నా లీవరు వైపు చూశాడు.

"మరి ఆ జమ్మలమడుగు మనిషికి ఏం చెప్పాల?"

"బండి మధ్యాహ్నం కూడా పోతాందని చెప్పు. ఆ తాడు చుట్టి పెట్టుకో, నీ ట్రాలీకి పనికొస్తాది."

ఇంటికి రాగానే క్యాలెండరులో సోమవారం మధ్యాహ్నం కింద టిక్కు పెట్టాను. గురువారం గడిలో ముందుగానే కోత అని రాశాను. ఆ రోజు బండి చూడటానికి వచ్చిన మనిషికి మా వీధిలో బండి కనిపించలేదట. మేము వంక అవతల మిగతా కాయ కోయిస్తున్నాం.