సార్ బయటికి పోయిండు

అమీర్‌పేటలో మెట్ల కింద ఒక్క మిషన్‌తో చీరలకు ఫాల్, పికో కుట్టడం మొదలుపెట్టిన ఆవిడకు ఒక సారు ఉండేవాడు. లైనింగ్ గుడ్డ అమ్మే షావుకారు నాసిరకం సరుకు అంటగట్టబోతే, మెడలో టేపు సవరించుకుని "మా సార్ వద్దన్నడు" అనేది. ఆయనేడీ అంటే, "బయటికి పోయిండు." షావుకారు సరుకు మూటగట్టుకుని వెళ్లిపోయేవాడు.

అసలు ఆ సారే లేడని తెలిసిన రోజు, ఆవిడ దగ్గరే చీరలు కుట్టించుకునే నాకు ఒళ్లు మండింది.

"నువ్వే ఓనరువని చెప్పొచ్చుగా?"

"చెప్పి చూసిన అక్కా. నవ్విన్రు."

ఒక మిషన్ సంపాదనతో ఇంకో మిషన్ కొంటూ, చివరికి పంజాగుట్టలో రెండో షాపు తెరిచింది. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన ఆ షావుకారే మైకందుకుని, "ఇదంతా మీ సార్ తెలివి! కష్టం ఆయనది, అదృష్టం నీది" అన్నాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు! నేను కోపంతో లేవబోతుంటే, ఆవిడ నన్ను కూర్చోబెట్టి మైకు లాక్కుంది.

"మా సార్ పోయిండు."

"బయటికా? ఎప్పుడొస్తడమ్మా?"

"బయటికి కాదు. పోయిండు." మెడలో టేపు సవరించుకుంది. "ఇగ రాడు. ఏదున్నా నాతోనే మాట్లాడుండ్రి."