ఒక్కపొద్దు నాటి గోళీ

రోగులు మందులు ఎందుకు మానేస్తారో ఈ రోజు వార్డులో మా మెడికల్ విద్యార్థులకు పాఠం చెప్పాను. ఉదాహరణ కోసం అందరినీ లక్ష్మమ్మ మంచం దగ్గర నిలబెట్టాను. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పని ఆమెది. బీపీ పెరిగి నిన్న కుడిచెయ్యి పడిపోయింది.

"నా ఓపీకి వచ్చే మనిషే. మాత్రలు ఇచ్చినా సరిగ్గా వేసుకోలేదు. దీన్నే నిర్లక్ష్యం అంటారు," అన్నాను, ఆమె వింటుండగానే.

"పొద్దుగాల తిన్నంక ఏసుకోమని మీరే చెప్తిరి గద సారూ," అంది లక్ష్మమ్మ. "ఒక్కపొద్దున్న నాడు రాత్రిదాక ఏం తినను. తినకుంట గోళీ ఎట్ల ఏసుకోవాలె?"

వారంలో ఎన్ని ఒక్కపొద్దులని మా విద్యార్థుల్లో ఒకమ్మాయి ఆమెను అడిగింది.

"సోమారం, శనారం ఎప్పటికీ ఉంట బిడ్డా. ఈ బీపీ తగ్గాలని మొక్కి, బేస్తారం గూడ పట్టిన."

పాఠం అక్కడే ఆగిపోయింది. ఆ మాత్ర ఖాళీ కడుపుతో కూడా వేసుకోవచ్చు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఓపీలో నాకు తీరిక దొరకలేదు. ఇవాళ ఆమె తప్పు చూపించడానికి మాత్రం గంట దొరికింది.

ఇది చదువుతున్న వాళ్లు మీ ఇళ్లలో ఉపవాసాలుండే వాళ్లను ఒకసారి అడగండి, ఆ రోజు గోళీ సంగతేమిటని. ఏమన్నారో నాకూ చెప్పండి.

నేను వచ్చేస్తుంటే లక్ష్మమ్మ దండం పెట్టింది, ఎడమచేత్తో.